డిక్కీలోంచి రెండు పాదాలు

రాత్రి డ్యూటీ దిగి పొద్దున్న తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దాటిన నర్సు ఆ రోజుకి పెట్టుకున్న పని ఒక్కటే: ఇంటికెళ్ళి, తలుపేసుకుని, సాయంత్రం దాకా పడుకోవడం. గేటు ఎదురుగా చిన్న కారు ఆపుకుని భర్త నిలబడి ఉన్నాడు. ఆయన లెక్కల మాస్టారు. ఆయన చేతిలో కొలతల టేపు చూడగానే ఆమెకి నీరసం రెట్టింపయింది.

“దారిలోనే కదా షాపు. సోఫా కార్లో వేసుకుని వెళ్ళిపోదాం. అరగంట పని,” అన్నాడు.

“వాళ్ళ బండిలో పంపరా?”

“గురువారం దాకా కుదరదట. సాయంత్రం మా అక్క వస్తోంది. పాత సోఫా ఇచ్చేశాం. ఆవిణ్ణి నేల మీద కూర్చోబెడతామా? కారంతా కొలిచేశాలే. రెండంగుళాలు మిగులుతుంది కూడా.”

ఆ రెండంగుళాలు ఎక్కడ మిగిలాయో గానీ, సోఫా మాత్రం మూడో వంతు బయటే మిగిలింది. షాపు మనుషులిద్దరు నిలువుగా తోశారు, ఏటవాలుగా తోశారు, కాళ్ళు ఊడదీసి తోశారు. వెనక సీటు మడిచేశారు. ముందు సీటు అద్దానికి ఆనేదాకా జరిపారు. డిక్కీ తలుపు పైకెత్తి తాడుతో కట్టారు. ఇదంతా అయ్యేసరికి గంట గడిచింది.

“మరి నేనెక్కడ కూర్చోను?” అంది నర్సు.

మాస్టారు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. “సోఫా ఉందిగా! చెప్పులు విప్పి ఎక్కు, కొత్తది.”

వేరే రోజైతే ఆమె ఊరుకునేది కాదు. కానీ పోట్లాడ్డానికీ ఓపిక కావాలి. డిక్కీలోంచి పాక్కుంటూ ఎక్కింది. కూర్చుంటే తల పైకప్పుకి కొట్టుకుంటోంది. చేసేది లేక వెల్లకిలా పడుకుంది. తెల్ల మేజోళ్ళ పాదాలు రెండూ బయటికి వేలాడాయి. కారు షాపు సందు తిరగకముందే ఆమె ఒళ్ళు తెలియని నిద్రలోకి జారిపోయింది.

ఆ తర్వాతి పావుగంటలో ఏం జరిగిందో ఆమెకి మర్నాడు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వెనక స్కూటరు మీద వస్తున్నాయన, గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం లేనట్టు ఊగుతున్న ఆ పాదాలు చూసి హడలిపోయాడు. ముందుకు దూసుకెళ్ళి, కూడలిలో ఉన్న కానిస్టేబులుకి చెప్పాడు. కానిస్టేబులు కారు ఆపి, వెనక్కి తొంగి చూశాడు.

“ఎంతసేపట్నించి కదలట్లేదు?”

మాస్టారి ప్రాణమంతా సోఫా మీదే ఉంది. “ఎలా కదులుతుందండీ? గట్టిగా కట్టేస్తేనూ!”

“కట్టేశారా!”

“మరి? మలుపులో జారి రోడ్డు మీద పడితే ఎవరెత్తుతారు? ఇందాక ఇద్దరు మనుషులు పట్టినా లేవలేదు.”

ఆంబులెన్సు దొరక్క సోఫాతో సహా ఎక్కించేశారు, ఆ దిగులుకి ఈయనకి మతి చలించింది, పాపం, అనుకున్నాడు కానిస్టేబులు. ఈల ఊది నాలుగు వైపులా బళ్ళు ఆపించి, మోటారు సైకిలెక్కి “నా వెనకే రండి!” అని అరిచాడు. పోలీసు స్టేషనుకే కాబోలనుకుని మాస్టారు చెమటలు కక్కుతూ వెంట నడిపాడు.

నర్సుకి మెలకువ వచ్చేసరికి నాలుగు చేతులు ఆమెని స్ట్రెచరు మీదికి దించుతున్నాయి. ఎదురుగా గంటన్నర కిందట దాటొచ్చిన గేటే.

“అయ్యో, మన సిస్టరే!” అన్నారెవరో.

“నాకేం కాలేదు, నిద్రపోతున్నాను. వదలండి,” అంది. ఎవరూ వినలేదు. ఒకరు నాడి పట్టుకున్నారు. ఇంకొకరు కనురెప్పలు విప్పి టార్చి వేశారు. ఈలోగా హెడ్ సిస్టరు పరుగున వచ్చి బీపీ చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

“శుభ్రంగా ఉన్నావుగా! సమయానికి దేవతలా వచ్చావమ్మా. ఓపీ సిస్టరు ఇంకా రాలేదు. ఎవరో సీరియస్ పేషెంటుకి దారివ్వాలని కూడలిలో బళ్ళన్నీ ఆపేశారట. ఆవిడ ఆటో అక్కడే ఇరుక్కుపోయింది. వచ్చేదాకా కాస్త చూసుకో.”

నర్సు భర్త వైపు చూసింది. ఆయన తాడు బిగిస్తున్నాడు.

“ఒకందుకు ఇదే మంచిదిలే,” అన్నాడు మాస్టారు. “కాళ్ళు బయటికి కనపడకపోతే దారిలో ఎవరూ ఆపరు.”

నిజంగానే ఎవరూ ఆపలేదు. సోఫా పది నిమిషాల్లో ఇంటికి చేరింది.