హాసిని ఇడ్లీ తిన్న రోజు

పెడనలో అద్దకం షెడ్డు పెట్టిన ఇన్నేళ్ళలో శోభనాద్రి పని రోజున ఇంటి పట్టున ఉన్నది తక్కువ. అలాంటివాడు ఆ మంగళవారం అచ్చులూ రంగులూ పనివాళ్ళకి వదిలేసి, మనవరాలి కాపలాకి కుదిరాడు. కోడలు తనూజకి బందరులో ఒక స్కూలువాళ్ళు డెమో క్లాసు చెప్పమని కబురు పెట్టారు. కొడుకు బాలాజీ ఆమెను బండి మీద తీసుకువెళ్ళాలి. భార్య వీరమ్మ గుడివాడలో పెళ్ళికని తెల్లారగానే రైలెక్కేసింది. ఐదు నెలలు నిండి ఆరో నెల నడుస్తున్న హాసినిని తల్లి వదిలి వెళ్ళడం అదే మొదలు. ఆ మొదటిసారి తన చేతుల్లో పెట్టి వెళ్ళడం శోభనాద్రికి లోలోపల గొప్పగానే ఉంది.

"మావయ్యగారూ, పాలు తీసి సీసాలో పెట్టాను. ఏడిస్తే పట్టండి. ఇంకేమీ పెట్టొద్దు. నీళ్ళు కూడా వద్దు," అంది తనూజ గడప దాటి మళ్ళీ వెనక్కి వచ్చి.

"నాకు తెలీదటమ్మా? బాలాజీని పెంచింది ఎవరనుకున్నావు?"

"అమ్మ," అన్నాడు బాలాజీ బండి స్టార్ట్ చేస్తూ.

వాళ్ళు వెళ్ళాక శోభనాద్రి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీరమ్మ హాట్ ప్యాకులో పెట్టి వెళ్ళిన ఇడ్లీలు ముందుకు లాక్కున్నాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకునేసరికి పాప తలెత్తి చూసింది. రెండో ముక్కకి ఆ చూపు పళ్ళెం దగ్గర బయల్దేరి, ఆయన చేతి వెంటే నడిచి, మీసాల దగ్గర ఆగింది. మూడో ముక్కకి ఆయన నోరు తెరవగానే పాప కూడా నోరు తెరిచింది. ఆయన నమిలాడు. పాప చప్పరించింది.

పిల్లకి తిండి ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయం ఆ ఇంట్లో నెల రోజులుగా నలుగుతూనే ఉంది. ఆడపిల్లకి ఐదో నెలలో పెట్టడం తమ ఇంటి ఆనవాయితీ అని వీరమ్మ అంది. బందరులో పిల్లల డాక్టరు కృపానందం గారు చెప్పిన గుర్తులు తనూజ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ వినిపించింది. మెడ బాగా నిలపాలి, ఆనిస్తే కూర్చోవాలి, తిండి వైపు ఆశగా చూడాలి, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తొయ్యకూడదు. అన్నిటికీ మించి ఆరు నెలలు నిండాలి. ఈ వాదనలోనే ఐదో నెల కాస్తా దాటిపోయింది.

ఆ గుర్తులు ఇప్పుడు శోభనాద్రికి ఒకటొకటే కనిపించసాగాయి. మెడ నిలిపింది. కూర్చుంది. ఆశ సంగతి అడగనే అక్కర్లేదు. ఇడ్లీ మధ్యలోంచి మెత్తటి నలుసు తీసి వేలి చివర పెట్టుకున్నాడు. ఆ వేలు పాప పెదవుల దగ్గరదాకా వెళ్ళింది. పాప రెండు చేతులతో ఆ వేలు పట్టుకుంది. సరిగ్గా అప్పుడు గడప దగ్గర వెనక్కి తిరిగి వచ్చిన కోడలి ముఖం గుర్తొచ్చింది. మనసు రాయి చేసుకుని వేలు విడిపించుకుని, ఆ నలుసు తనే తినేశాడు. పాప ముఖం చూసి గుండె తరుక్కుపోయి బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టుకున్నాడు.

అయితే ఆ ముచ్చట ఒక్కడే చూసి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఫోను గోడకి ఆనించి, ఇంకో ముక్క పాపకి చూపిస్తూ చిన్న వీడియో తీశాడు. పాప నోరు బార్లా తెరిచి ముందుకు వంగేదాకా అందులో వచ్చింది, తర్వాత ఫోను జారి పడిపోయింది. రెండు వైపుల వాళ్ళూ ఉన్న కుటుంబం గ్రూపులో దాన్ని పెట్టి, కళ్ళజోడు లేదు కనుక మైకు నొక్కి, "పాప ఇడ్లీ తింటానంటోంది," అని చెప్పాడు. ఫోను దాన్ని తనకి తోచినట్టు రాసుకుంది. ఆయన చదవకుండానే పంపేశాడు. పాపకి ఆవలింతలొచ్చాయి. పాలు పట్టి, నిద్ర చెడకూడదని ఫోను సైలెంటులో పెట్టి, ఉయ్యాల ఊపుతూ ఊపుతూ తను కూడా పడక్కుర్చీలో నిద్రపోయాడు.

"పాప ఇడ్లీ తింటోంది" అన్న వార్త మొదట అవనిగడ్డ చేరింది. తనూజ తల్లి వెంకటరత్నమ్మ వీడియో రెండుసార్లు చూసి, మూడోసారి కొడుకు సురేష్‌కి చూపించింది. అన్నప్రాశనకి మొదటి ముద్ద మేనమామే పెట్టాలని ఆవిడ వెండి గిన్నె, చెంచా కొని, పాప పేరు కూడా చెక్కించి పెట్టింది.

"మేనమామవి నువ్వు బతికుండగా ఇడ్లీతో కానిచ్చేశారురా. కారు తియ్యి."

"నేను బతికుండటానికీ ఇడ్లీకీ ఏంటమ్మా సంబంధం?" అంటూనే సురేష్ కారు తీశాడు.

అదే సమయానికి గుడివాడ పెళ్ళిపందిట్లో వీరమ్మ పెదనాన్న కూతురు ఇందిరమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. "ఏమే, మనవరాలికి అన్నప్రాశన చేసుకుని మాకు మాట మాత్రమైనా చెప్పలేదే."

వీరమ్మకి మొగుడు తనకి చెప్పకుండా చేశాడని పదిమందిలో ఒప్పుకోవడం కన్నా అబద్ధమే నయమనిపించింది. "చెప్పకుండా ఎందుకు చేస్తామక్కా? పొద్దున ఊరికే నాలిక్కి తగిలించారు. అసలుది మధ్యాహ్నం. మిమ్మల్ని తీసుకెళ్దామనే కదా నేనొచ్చింది," అంది. ఇందిరమ్మ మాట మీద నిలబడే మనిషి. పెళ్ళివారి వ్యానే అడిగి, ఎక్కినంతమందిని ఎక్కించింది.

బందరులో తనూజ డెమో క్లాసు బ్రహ్మాండంగా చెప్పింది. మరి పిల్లని ఎవరు చూసుకుంటారని ప్రిన్సిపాలు అడిగితే, "మా మావయ్యగారున్నారండీ, నాకే దిగులూ లేదు," అంది. బయటికి వచ్చి ఫోను తెరిచింది. ఆ తర్వాత బండి ఎంత వేగంగా నడిపినా బాలాజీకి మాటలు పడుతూనే ఉన్నాయి.

తలుపు చప్పుడుకి శోభనాద్రి ఉలిక్కిపడి లేచి తెరిచాడు. తనూజ ఆయన్ని దాటుకుని ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. పాప బుగ్గ మీద ఎండిన ఇడ్లీ నలుసు కనిపించింది.

"ఎంత పెట్టారు మావయ్యగారూ?"

"ఏం పెట్టానమ్మా?"

తనూజ ఫోను చూపించింది. శోభనాద్రి కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. మళ్ళీ చదివాడు. "తింటానంటోంది అన్నానమ్మా. ఇది తింటోంది అని రాసింది."

"తింటానని పాప మీతో చెప్పిందా?"

"నోటితో చెప్పలేదు."

"మరి బుగ్గ మీద ఇదేంటి నాన్నా?" అన్నాడు బాలాజీ.

"అది నా మీసం నుంచి," అన్నాడు శోభనాద్రి. ఆ మాట నిజమే అయినా, వినడానికి మాత్రం ఆయనకే నమ్మకంగా అనిపించలేదు. తనూజ పాపను భుజాన వేసుకుని గోడ వైపు తిరిగింది. నాలుగు మాటలన్నా బాగుండేదనుకున్నాడాయన.

వాకిట్లో కారు ఆగింది. వెంకటరత్నమ్మ వెండి గిన్నె సంచి గుండెకి హత్తుకుని లోపలికి వచ్చింది. "అన్నయ్యగారూ, మావల్ల ఏం తక్కువయిందో చెప్పండి. సరిదిద్దుకుంటాం."

"అయ్యో, కూర్చో చెల్లెమ్మా. పాప ఏమీ తినలేదు."

"వీడియో అవనిగడ్డ అంతా చూసిందండీ."

ఆయన నోరు తెరిచేలోపు వ్యాను కూడా వచ్చింది. పట్టుచీరల్లో ఉన్న బంధువులు పళ్ళూ స్వీటు పెట్టెలూ పట్టుకుని దిగుతున్నారు. అందరికంటే ముందు దిగిన వీరమ్మ మొగుడి దగ్గరికి వచ్చి, ముఖాన నవ్వు చెదరకుండా గొంతు తగ్గించి, "భోజనాలకి చెప్పండి. ఫంక్షను మధ్యాహ్నం అన్నాను," అంది.

"ఏం ఫంక్షను?"

"మీరు చేసిందే."

సురేష్, బాలాజీ పులిహోర, పాయసం కోసం హోటలుకి పరుగెత్తారు. వచ్చినవాళ్ళు ఊరికే ఉండలేక సలహాలకి దిగారు. వెంకటరత్నమ్మ గట్టిగా చెప్పేసింది. "ఐదో నెల ఎటూ దాటింది. ఆడపిల్లకి సరి నెల పనికిరాదు. ఏడో నెల వస్తేగానీ మెతుకు ముట్టించడానికి వీల్లేదు."

"ఆ లెక్కలు నాకొద్దమ్మా. ఆరు నెలలు నిండాకే పెట్టాలని డాక్టరు గారు చెప్పారు. నేనదే చేస్తాను," అంది తనూజ.

"ఏడో నెలంటే ఏడో నెలే."

"ఆరు నిండాలంటే నిండాల్సిందే."

తల్లీ కూతుళ్ళ గొంతులు పెరిగాయి. బంధువులు రెండు జట్లయ్యారు. అప్పుడే తిరిగి వచ్చిన బాలాజీ ఇక లాభం లేదని కృపానందం గారికి వీడియో కాల్ చేశాడు. డాక్టరు రెండు వైపులా ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, ఆరు నిండితే నడిచేది ఏడో నెలే కదండీ. మీరిద్దరూ ఒకే మాట మీద ఎందుకు పోట్లాడుతున్నారు?"

 తర్వాత ఆయనే, కడిగిన ఖాళీ చెంచా ఒకటి పాప పెదవులకి ఆనించి చూడమన్నాడు. వేడినీళ్ళలో కడిగిన వెండి చెంచానే ఆనించారు. పాప నాలుకతో దాన్ని ఒక్క తోపు తోసింది. "అదిగో, ఇంకా తొందరేం లేదు. పాలే పట్టండి," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఇక మిగిలింది భోజనాలు. విస్తళ్ళు పరిచారు. పాపను ఒళ్ళో పెట్టుకుని వెంకటరత్నమ్మ పాయసం కప్పు అందుకుంది. పాప తలెత్తి చూసింది. ఆ చూపు కప్పు దగ్గర బయల్దేరింది. ఎదురుగా వడ్డిస్తున్న శోభనాద్రి ఆ చూపు గుర్తుపట్టి ఆగిపోయాడు. ఆవిడ చెంచా తన నోటి దాకా వెళ్ళి, పాప నోరు తెరవగానే తనకి తెలియకుండానే దారి మార్చుకుంది.

"చెల్లెమ్మా," అన్నాడాయన మెల్లగా.

వెంకటరత్నమ్మ ఉలిక్కిపడి చెంచా చూసుకుంది. అందరూ తననే చూస్తున్నారు. చెంచా కప్పులో వేసి, కప్పు దూరంగా జరిపేసింది. "ఈ చూపు ముందు పెట్టుకుని ఇడ్లీ తిన్నారా అన్నయ్యగారూ? ఒక్క నలుసు కూడా పెట్టకుండా ఎలా ఆగారండీ?" అంది.

"వేలిదాకా వచ్చింది. కోడలు వద్దని చెప్పి వెళ్ళింది కదమ్మా," అన్నాడు శోభనాద్రి.

తనూజ విస్తరి ముందు నుంచి తలెత్తి ఆయన వైపు చూసింది. బంధువులంతా వెళ్ళి, వీరమ్మ చీర మార్చుకుని పడుకున్నాక, తనూజ ఉయ్యాల ఊపుతున్న ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. "స్కూలువాళ్ళు ఫోను చేశారు మావయ్యగారూ. సోమవారం నుంచి రమ్మన్నారు. పాప మీ దగ్గరే ఉంటుంది."

"నా ఫోను నీ దగ్గరే ఉంచుకుంటావా?" అన్నాడాయన.

"వద్దు. ఏదైనా పంపే ముందు కళ్ళజోడు పెట్టుకోండి చాలు," అంది నవ్వుతూ.

ఏడో నెల వచ్చింది. అప్పటికి పాప చెంచాని నాలుకతో తొయ్యడం కూడా మానేసింది. డాక్టరు సరేనన్నాడు, పురోహితుడు ముహూర్తం పెట్టాడు. గుడివాడ నుంచి అదే వ్యాను, అవనిగడ్డ నుంచి అదే కారు వచ్చాయి. మేనమామ కొత్త పంచె కట్టుకుని వెండి చెంచాతో పాయసం అందించాడు. పాప పెదవులు బిగించి అటు తిరిగింది. వెంకటరత్నమ్మ బతిమాలింది, వీరమ్మ పాట పాడింది, ఇందిరమ్మ గాజులు మోగించింది. శోభనాద్రి ఎదురుగా కూర్చుని నోరు తెరిచి తిని చూపించాడు, ఒకసారి కాదు, కప్పు ఖాళీ అయ్యేదాకా. పాప ఆయన్నే శ్రద్ధగా చూసింది తప్ప పెదవి కదపలేదు.

చివరికి వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి, ఫొటోలు దిగి, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయాక, సాయంత్రం హాసిని నోరు తెరిచింది, అదీ ఆవలించడానికి.