అష్టపాద మహారాణి వ్రణవిజయము

వాషింగు మెషీను మందరపర్వతమువలె గిరగిర తిరుగుచు ఇంటిల్లిపాది బట్టలను చిలుకుచుండగా, మూడవ అంతస్తు వంటగది కిటికీలోనుండి లేతయెండ దూరి సింకులోని ఎంగిలి గిన్నెలను మాణిక్యములవలె మెరిపించుచుండగా, ఆదివారము ఉదయము తొమ్మిదింట ఆరంభమై పన్నెండు కాకమున్నే ముగిసిన ఒక ఘోరసంగ్రామమును చెప్పబోవుచున్నాను. ఇందు ఏనుగులు లేవు, రథములు లేవు, చచ్చినవారును లేరు. అయినను ఒక మనుజుని పరాక్రమమెల్ల ఎంత చిన్న చెంచాలో ఇముడునో తెలియగోరువారు చెవి యొగ్గుడు.

ఆ మనుజుడు కళ్ళజోళ్ళ దుకాణదారు. లోకుల మసకచూపులకు మెరుగుపెట్టువాడు, ఆవగింజంత మరలను అరనిమిషములో బిగించువాడు, హస్తలాఘవమునకు వీధియంతయు మెచ్చినవాడు. ఇంట మాత్రము ఆయన మాట చెల్లుట అరుదు. ఆ లోటు తీర్చుకొనుటకే కాబోలు, ఆరేండ్ల క్రిందట ఒక టరాంటులా సాలీడును తెచ్చి, గాజుపెట్టెలో ప్రతిష్ఠించి, మహారాణి యని నామకరణము గావించెను. అరచేతి వెడల్పు, కాటుకవంటి మేను, మోకాళ్ళపై నారింజరంగు పట్టెలు, ఒడలెల్ల నూగు. వచ్చిన చుట్టములు దానిని చూచి సోఫాపైకి కాళ్ళు ముడుచుకొనుచుండగా ఆయన ఛాతీ రెండంగుళములు ఉబ్బెడిది. అలవాటైపోయిందండీ, మనం చెప్పినట్టు వింటుంది అని తేలికగా సెలవిచ్చెడివాడు. సత్యమేమనగా, ఆ ఆరేండ్లలో ఆ వీరుడు దానిని ఒక్కమారైనను తాకి యెరుగడు. మిడుతలను వేయుట సైతము అడుగు పొడవు పట్టకారుతో, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనియే.

ఆ ఉదయమున పెట్టెలోనికి తొంగిచూడగా మహారాణి పొట్టపై, నూగు నడుమ, మిరియపుగింజంత బుడిపె కానవచ్చెను. గాజువలె తళతళలాడుచు లేతనీలి ఛాయతో ఉబ్బియున్నది. వీరుడు, ఇది కంతియే, కంతులలోనెల్ల కాలాంతకమైన కంతియే యని నిశ్చయించి, ఇల్లు అదరునట్లు భార్యను పిలిచెను. ఆమె రక్తపరీక్షల ల్యాబులో దినమునకు అరువదిమంది చేతులకు సూది గుచ్చు స్థిరచిత్త. చదువుచున్న పేపరు దించకయే, డాక్టరుకు చూపించుకొని రమ్మనెను. మూడు వారములుగా ఆ ఇంట మకాము వేసిన అత్తగారు మాత్రము కాఫీ చప్పరించుచు, "నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా మీ ఆయన ఇంత కంగారుపడలేదే" అని కూతురితో అనెను.

ఆ వాగ్బాణమును వీపున ధరించి, గాజుపెట్టెను రెండు చేతుల నెత్తుకొని, చెడిపోయిన లిఫ్టును శపించుచు మెట్లుదిగి, రెండు వీధుల అవతలి పశువైద్యుని చేరెను. అచ్చట ఒక కుక్కయు, ఒక పిల్లియు తమ వంతుకై వేచియుండి, పెట్టెలోనిదానిని చూచి పరస్పరవైరము మరచి ఒకే బల్లక్రింద దూరెను. వైద్యుడు మూడు గజముల దూరమున నిలిచి మెడ చాచెను. కంతియో గాయమో మూత తీసినగాని చెప్పలేననియు, మూత మాత్రము తీయవలదనియు విన్నవించెను. పిదప, దేనిని తాకకున్నను చేతులు సబ్బుతో కడుగుకొనుచు ఒక్క మంచిమాట చెప్పెను.

"అలాగే ఉంటే కంతి. కారితే గాయం. గాయమైతే మొక్కజొన్న పిండి అద్దండి, గడ్డకట్టి ఆగిపోతుంది. అద్దాల్సింది మాత్రం మీరే, నేను కాదు."

ఇల్లు చేరి పెట్టెను భోజనపు బల్లపై నుంచెను. అత్తగారు కాఫీ గ్లాసుతో కుర్చీ మార్చెను. భార్య ఎట్టకేలకు లేచివచ్చి, భర్త భూతద్దమునే తీసికొని, ల్యాబులో గాజుపలకను చూచునట్లు చూచెను. బుడిపె ఆమె కనులయెదుటనే నిండి, జారి, అదే చోట మరల ఊరెను.

"కంతి కాదు, రక్తం. దీని రక్తం ఇలాగే నీలంగా ఉంటుంది కాబోలు," అనెను. ఆపై పెట్టె నడుమ నిలిచిన బొమ్మకోటను వ్రేలితో చూపెను. "ఈ కోట ఎవరు పెట్టారు?"

వీరుడు నేల చూచెను. మహారాణికి కోట లేకున్న ఏమి మర్యాదయని చేపలతొట్ల దుకాణమున ఏరికోరి కొని, ముందునాడే తన చేతులతో నెలకొల్పినదది. నాలుగు బురుజులు, నాలుగింటికిని సూదిమొనలవంటి శిఖరములు. గాజుగోడ ప్రాకిన సాలీడు జారి ఆ శిఖరముపై బడినది. ఆరేండ్లు ఏ శత్రువును ఎరుగని ఆ ప్రాణిని పొడిచినది యజమాని ఆడంబరమే.

"ఒంట్లో ఉన్నదే చెంచాడు," భార్య మెల్లగా అనెను. "ఇలా కారుతుంటే సాయంత్రం దాకా ఉండదు."

ఆయన ఆమె వంక దీనముగా చూచెను. చెప్పినట్టు వినేది మీ మాటే కదా యని ఆమె పిండి డబ్బా తెచ్చి ముందుంచెను.

అంతట వీరాలంకరణము. శిరమున మోటారుసైకిలు హెల్మెటు, కరములకు గిన్నెలు తోము పసుపుపచ్చ తొడుగులు, మెడచుట్టు తువ్వాలు, దక్షిణహస్తమున అద్దముల దుమ్ము దులుపు మెత్తని కుంచె. ఊపిరికి హెల్మెటు అద్దము మసకబారి బల్లయే కనబడకపోయెను గనుక హెల్మెటు తీయవలసివచ్చెను. తొడుగులలో కుంచె నిలువక జారెను గనుక తొడుగులును పోయెను. తువ్వాలు పిండిలో మునిగెను గనుక అదియు పోయెను. తుదకు వట్టి చేతులతో, బనియనుతో, ఇంచుమించు లోకమున పుట్టినట్లే నిలిచి ఆయన మనసులో ఇట్లు గర్జించెను: ఓ అష్టచరణవిరాజితా, రోమశగాత్రీ, నిన్ను మిడుతలతో పోషించిన బాహువిదియే, నేడు యమపాశము త్రెంచి నీ ప్రాణములు నీకు మరలనిచ్చెదను, నిశ్చలముగా నుండుము. నోటివెంట వెడలినది మాత్రము వేరు.

"కొంచెం అటు తిరగవే తల్లీ."

మహారాణి తిరుగలేదు. ముంగాళ్ళు రెండెత్తెను. వీరుడు ఒక్క గంతున ఫ్రిజ్జును చేరి, దారిలో పిండి డబ్బాను మోచేత కూల్చి, అత్తగారి జుట్టును మరియొక పదేండ్లు నెరపించెను. రెండవమారు సమీపింపగా అది వెనుకకాళ్ళతో తన నూగును గోకి ఆయన పైకి చిమ్మెను. కనబడని ఆ బాణవర్షమునకు మణికట్టు భగ్గుమనెను. ఆయన మరల పారిపోవలసినదే. పారిపోలేదు.

ఏలయనగా, అప్పటికి ఆయన భూతద్దమును కంటికి తగిలించుకొనియుండెను. అందులోనుండి చూడగా సాలీడు లేదు, కాళ్ళు లేవు, నూగు లేదు. ఉబ్బుచున్న ఒక బొట్టు, దాని క్రింద ఒక చిన్న చీలిక. ఇరువదేండ్లుగా అంతకన్న చిన్నవాటిని చూచిన కన్ను అది, సవరించిన చేయి అది. ఊపిరి బిగబట్టి, కుంచెకొనను పిండిలో ముంచి, చీలికపై నుంచి, మీటకుండ, నొక్కకుండ, అలవోకగా తీసెను. బొట్టు మసకబారెను. మరియొక అద్దు. ముద్దయై అంటుకొనెను. భార్య గడియారము చూచుచు నిలిచెను. పది నిమిషములు గడచినను కొత్త బొట్టు ఊరలేదు. అంతవరకు ముడుచుకొనియున్న మహారాణి మెల్లగా కాళ్ళు చాచి, తన ప్రాణదాత వైపు కన్నెత్తి చూడక, పెట్టెలోని చెక్కముక్క క్రిందికి పోయెను.

అటుపిమ్మట వీరుని దద్దురులకు భార్య మందు రాయబోగా, సాలీడు మౌనముగా భరించినదానిలో పదవవంతు బాధకు ఆయన చేసిన ఆర్తనాదము క్రింది అంతస్తువారిని పైకి రప్పించెను. వారికి జరిగినదంతయు మొదటినుండి వర్ణించి, శత్రువు ముంగాళ్ళను మూరెడు పొడవు చేసి చెప్పుచుండగా, అత్తగారు జుట్టులోని పిండి దులుపుకొనుచు ఆయన చేతివంక చూచెను.

"పర్వాలేదు, చెయ్యి వణకలేదు."

ఆయన మాట ఆపి, ఏమన్నారని అడిగెను. ఆవిడ వినబడనట్లు దువ్వెనకై లోపలికి పోయెను.

ఇట్లు కళ్ళజోళ్ళ దుకాణదారు, మిరియపుగింజంత రణరంగమున, చిటికెడు పిండితో, అందును సగము నేలపాలు కాగా, మణికట్టు దురద పెట్టుచుండగా, ఒక సాలీడు ప్రాణమును, అత్తగారి నోట మూడు మాటలను గెలుచుకొని దిగంతయశోవిరాజితుడై సోఫాపై చతికిలబడెను. ఆ మూడు మాటలను మరల పలికించుటకై ఆయన భోజనవేళ వరకు శ్రమించెను గాని, ఆ రెండవ దండయాత్రలో విజయము లభింపలేదు.