నేను తొమ్మిదో లెవెల్ పౌరుణ్ణి

"ఇవాళ్టి నుంచి ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య ఎవ్వరూ ఉండరు. ఒక్క చాట్‌బాటే ఉంటుంది!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపింది నేనే. ఆ చాట్‌బాట్ పేరు ‘వింటున్నాం’. పేరు పెట్టింది మంత్రిగారే. ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడుతూ పెట్టారు.

దాని సెట్టింగులు చూసే మహద్భాగ్యం జూనియర్ అసిస్టెంట్‌నైన నాకు దక్కింది. ఓసారి మా డైరెక్టర్‌గారి ప్రింటర్ మొరాయిస్తే ప్లగ్ తీసి మళ్లీ పెట్టాను. అప్పట్నుంచి ఆఫీసులో నన్ను టెక్నికల్ మనిషి అంటారు. కాదని చెప్పేంత అమాయకుణ్ణేం కాను.

ఇంటికొచ్చి ఈ వార్త చెబితే మా ఆవిడ ఊడవడం కూడా ఆపలేదు.

"అయితే మన గుమ్మం ముందు మ్యాన్‌హోల్‌కి మూత పెట్టించండి. మూడు నెలలైంది. మా నాన్నకి చూపు సరిగా ఆనదు. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని అటే వెళ్తాడు. తిరిగొచ్చేదాకా నాకు గుండె దడే."

"ఒక్క మెసేజ్‌తో పెట్టిస్తా, చూస్తూ ఉండు" అన్నాను, మా మామగారికి కూడా వినపడేలా.

లెవెల్స్ మీద మీటింగు జరిగింది. ముందు మూడే అనుకున్నాం: మంత్రిగారు, ఆఫీసర్లు, ప్రజలు. మంత్రిగారి పీఏగారికి ఒళ్లు మండింది.

"నేనూ ఈ డైరెక్టరూ ఒకే లెవెలా? నాకు ఒకటిన్నర ఇవ్వండి."

"సాఫ్ట్‌వేర్ సగాలు తీసుకోదండీ."

"అయితే ఆయన్ని మూడుకి దించు!"

దించాను. మంత్రిగారి బావమరిదికి ఒక లెవెల్, బావమరిది డ్రైవరుకి ఒక లెవెల్... అలా సాయంత్రానికి తొమ్మిదయ్యాయి. తొమ్మిదో దాంట్లో ప్రజలు మిగిలారు.

"వీళ్లకేం పర్మిషన్ ఇద్దాం సార్? ఫిర్యాదు బటన్..."

డైరెక్టర్‌గారు ఉలిక్కిపడ్డారు. "ఎవరు పడితే వాళ్లు ఫిర్యాదు చేస్తే మన గౌరవం ఏం కానయ్యా? అది మూడో లెవెల్ నుంచి పైవాళ్లకే."

"మరి ప్రజలకి?"

"మెచ్చుకోనీ" అన్నారు ఉదారంగా.

"మెచ్చుకున్నప్పుడల్లా ఒక లెవెల్ పెరగాలి" అన్నారు పీఏగారు. "మనిషన్నాక ఆశ ఉండాలి కదా!"

ఎంత గొప్ప ఆలోచన! నాకు ఒళ్లు పులకరించింది. అలాగే సెట్ చేశాను. ఫిర్యాదంటూ వస్తే ఆ స్థలానికి అతి దగ్గర్లో ఉన్న మూడో లెవెల్ ఆఫీసరుకి వెళ్లేలా కూడా పెట్టాను. ఇది మాత్రం పూర్తిగా నా సొంత తెలివి.

"అవునూ, నీ లెవెల్ ఎంత?" అన్నారు డైరెక్టర్‌గారు హఠాత్తుగా.

"అడ్మిన్ని కదండీ... ఒకటి."

"ఒకటా? నా మీదా? మంత్రిగారి పక్కనా?"

ఎగిరిపడి లేచి నించున్నాను. నా చేత్తోనే నన్ను తొమ్మిదిలో వేసుకుని సేవ్ నొక్కాను. సెట్టింగుల పేజీ మాయమైపోయింది. "వినయమంటే ఇదీ!" అని డైరెక్టర్‌గారు నా భుజం తట్టారు. ఇంటికెళ్లేదాకా ఆ భుజం దించలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతూ, మూత సంగతి రాద్దామని ఫోన్ చూసుకుంటూ గుమ్మం దాటాను. నేరుగా మ్యాన్‌హోల్లోకే వెళ్లిపోయాను. నిలువులోతు గొయ్యి. మోకాళ్ల దాకా నీళ్లు. కేక వేస్తే వీధంతా పోగవుతుంది, టెక్నికల్ మనిషి పరువేం కావాలి? ఫోన్ తడవలేదు కాబట్టి దాన్నే నమ్ముకున్నాను.

‘నమస్కారం. మీరు తొమ్మిదో లెవెల్. మీరు మెచ్చుకోవచ్చు’ అంది వింటున్నాం.

మంత్రిగారి పాలన చల్లగా ఉందన్నాను. ఎనిమిదయ్యింది. రోడ్లు అద్దంలా ఉన్నాయన్నాను. ఏడు. మురుగు కాలవలు దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగున్నాయన్నాను. ఆరు. ఆ తర్వాత నాకు పొగడ్తలు అయిపోయాయి. పాతవే మళ్లీ రాస్తే అది ఒప్పుకోలేదు. బావమరిదిగారి నవ్వునీ, ఆయన డ్రైవరు హారన్ కొట్టే తీరునీ, చివరికి ఈ చాట్‌బాట్ సెట్టింగులు చేసిన మహానుభావుణ్ణీ మెచ్చుకుని మూడుకి చేరాను. ఎర్రగా ఒక బటన్ వెలిగింది. ఫిర్యాదు! నిజం చెబుతున్నా, కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

గబగబా రాసి పంపాను.

‘మీ ఫిర్యాదును అతి దగ్గర్లోని మూడో లెవెల్ ఆఫీసరుకి పంపాం’ అంది. వెంటనే నా చేతిలోనే ఫోన్ టింగుమంది. ‘సార్, మీకొక ఫిర్యాదు వచ్చింది. స్వయంగా స్థలం పరిశీలించండి.’

నాకంటే దగ్గర్లో ఎవరుంటారు? నాలుగు వైపులా పరిశీలించాను. కింద రెండు బటన్లున్నాయి. ఒకటి ‘పరిష్కరించాం’. రెండోది ‘పరిష్కరించలేదు, మంత్రిగారికి సంజాయిషీ ఇచ్చుకుంటాను’.

ఆఫీసరుగా అది నా మొట్టమొదటి నిర్ణయం. అట్టే సేపు పట్టలేదు.

పక్కింటికి రంగులేస్తున్న పెయింటర్ చూసి నిచ్చెన దింపితే పైకొచ్చాను. మా ఆవిడ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, దెబ్బలేం తగల్లేదు కదా? ఇప్పుడైనా ఫిర్యాదు పెట్టారా?"

"పెట్టాను. పరిష్కారం కూడా అయిపోయింది" అని ఫోన్ చూపించాను.

ఆవిడ ఫోన్ చూసింది. గొయ్యి చూసింది. తువ్వాలు నా భుజం మీద పడేసి లోపలికెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి మా మామగారు ఒక్కరే నడవటం లేదు. ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తోంది. గుమ్మం దాటగానే రోజూ ఒకటే మాట, నాకు వినపడేలాగే అంటుంది.

"నాన్నా, ఇటు జరుగు. అక్కడ ఈయన పరిష్కరించిన గొయ్యుంది."