దగ్గితే ఒక లోపం

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు మూడుసార్లు చొక్కా మార్చాడు. కొత్తది వేసుకుంటే బాగా డబ్బున్నవాడనుకుంటారు, పాతది వేసుకుంటే కారును ముట్టుకోనివ్వరు. ఆ పాతకాలపు కారు అమ్మకానికి ఉందని పేపర్లో చూసిన దగ్గర్నుంచీ ఆయనకు కంటి మీద కునుకు లేదు. చిన్నప్పుడు అలాంటి కారే ఒకటి వీధిలోంచి పోతుంటే వెనకాల పరుగెత్తి మోకాలు చీరుకున్నాడు. ఆ మచ్చా పోలేదు, ఆ ఆశా పోలేదు.

"ధర సంగతి తర్వాత, ముందు మీ మొహం సంగతి చూడండి," అంది భార్య. "కారు కనబడగానే పళ్ళన్నీ బయటపెడతారు. ఇంకెవరు తగ్గిస్తారు? మీరు నోరు విప్పకండి. మా తమ్ముణ్ణి తీసుకెళ్ళండి. మీరు దగ్గినప్పుడల్లా వాడు కారులో ఒక లోపం చెప్తాడు."

ఆ తమ్ముడు ఎలాంటివాడంటే, ఎవరైనా తన కాలు తొక్కితే తానే క్షమించమని అడిగే రకం. "నేనా అక్కా? లోపాలా?" అని బిక్కమొహం వేశాడు.

"మొహమాటపడ్డావంటే ఊరుకోను," అని అక్క కళ్ళెర్రజేసింది. అక్కడితో ఏర్పాటు ఖాయమైంది.

కారు కళ్ళజోళ్ళ షాపు పెద్దాయనది. అమ్మాలన్న పట్టుదల మాత్రం ఆయన భార్యది. ఆవిడ కుట్టుపని నేర్పుతుంది, మిషన్లు పెట్టుకోవడానికి కారున్న షెడ్డు కావాలి. బావా బావమరుదులు వచ్చేసరికి పెద్దాయన తాళంచెవి కనబడటం లేదని ఇల్లంతా వెతుకుతున్నాడు.

"మీ జేబులోనే ఉంది," అంది ఆవిడ.

పెద్దాయన నిట్టూర్చి షెడ్డు తెరిచి, కారు మీది దుప్పటి లాగాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము గుప్పున లేచింది. అందులోంచి మెల్లగా కారు బయటపడింది. పెద్ద పెద్ద గుండ్రటి దీపాలు, చెక్క స్టీరింగు, రెండో పూత ఎరగని ముదురాకుపచ్చ రంగు. డాక్టరు గుండె ఝల్లుమంది. భార్య హెచ్చరిక మరిచి నోరు తెరిచాడు. దుమ్మంతా గొంతులోకి పోయింది. దగ్గు వచ్చింది.

"రంగు వెలిసిపోయిందండీ," అన్నాడు బావమరిది, నేల చూపులు చూస్తూ.

అంతవరకూ బాగానే ఉంది. కానీ దగ్గు ఆగలేదు.

"తలుపు సరిగ్గా పడటం లేదండీ. సీటు చిరిగింది. హారనైతే బొంగురు పోయి ఉంటుంది!"

మొదట్లో పాపం అతనికి చెమటలు పట్టాయి. పోనుపోను రుచి తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషికి, ఇన్నాళ్ళూ మింగినవన్నీ కక్కే అవకాశం దొరికింది. ఇక చాలని డాక్టరు చెయ్యి ఊపితే, ఇంకా కానిమ్మంటున్నాడనుకున్నాడు.

పెద్దావిడ మొహం మారింది. "ఆ తలుపు మొదట్నుంచీ అంతే బాబూ. మా అమ్మాయి పుట్టిన రోజు ఆసుపత్రికి పోతూ దారి పొడుగునా ఒక చేత్తో దాన్ని పట్టుకున్నా, ఇంకో చేత్తో ఈయన వీపు మీద వాయించా, తొందరగా పోనివ్వమని."

దగ్గు.

"సీటు మరీ అంత పొడుగునా చిరిగితే ఎలాగండీ?"

"అది మా పిల్ల మొదటిసారి కత్తెర పట్టిన గుర్తు!" ఆవిడ సీటు మీది ఆ చిరుగును అరచేత్తో నిమిరింది.

దగ్గు. మళ్ళీ దగ్గు. కారులో లోపాలు అయిపోయాయి. బావమరిది కంగారుగా అటూ ఇటూ చూసి షెడ్డు గోడ బీటలు వారిందన్నాడు. పైకప్పు కారుతుందన్నాడు. ఇక ఏమీ తోచక కిటికీ వైపు చూశాడు.

"ఆ కర్టెను కుట్టినవాళ్ళెవరో గానీ, కుట్టంతా వంకర!"

డాక్టరు దగ్గు కూడా భయపడి ఆగిపోయింది.

"అమ్మా, వాడి మాటలు పట్టించుకోకండి!" అన్నాడు గొంతు పెగలగానే. "ఆ వెలిసిన రంగే దీని అందం. కొత్త పూత వేస్తే విలువ సగానికి పడిపోతుంది. ఆ స్టీరింగు చెక్క చూడండి, ఇప్పుడెవరు చేస్తారు? దేశమంతా గాలించినా ఇలాంటిది ఇంకోటి దొరకదు. మీరు అడిగింది ఇస్తాను, పైన ఇంకా ఇస్తాను!"

ఆవిడ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? ఇంత మంచి కారు అమ్మేద్దామన్నారా మీరు?"

"నేనా?" అనబోయాడు పెద్దాయన. అంతలోనే ఆ నింద ఎంత విలువైనదో గ్రహించి తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది," అన్నాడు.

డాక్టరు నీరసంగా కారు పక్క మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు దుమ్ము వల్ల కాదని పెద్దాయనకు తెలుసు.

"నాకిప్పుడు రోడ్డు సరిగ్గా ఆనడం లేదు డాక్టరుగారూ," అన్నాడు పక్కన కూర్చుంటూ. "షాపులో అద్దాలన్నీ పెట్టి చూశాను. ఆదివారాలు మీరొచ్చి కాస్త నడిపిపెడతారా?"

"రమ్మనండి," అంది ఆవిడ. "ఆ అబ్బాయిని మాత్రం గేటు బయటే ఉంచండి."

కుట్టు మిషన్లు వరండాలో కుదురుకున్నాయి. అక్కడి పడక్కుర్చీ షెడ్డులోకి వచ్చింది, దానితోపాటు పెద్దాయనా వచ్చాడు. డాక్టరు ప్రతి ఆదివారం వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని ఊరంతా తిప్పుతున్నాడు, కొన్నా ఇంత సంతోషం ఉండేది కాదేమో అనుకుంటున్నాడు. కొన్నాళ్ళకు ఆవిడ కోపం తగ్గి బావమరిదికి కూడా వెనక సీటు దొరికింది.

డాక్టరు మాత్రం దగ్గు బిళ్ళ బుగ్గన పెట్టుకోనిదే అతన్ని కారెక్కించడం లేదు.