నాచారంలో నిద్రపోని సర్వర్

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సిగ్నల్ పడి ఆగిన ప్రతివాడూ ఆ ఉదయం ఒక శుభవార్త చదవక తప్పలేదు. "నిద్రపోని సర్వర్! నిద్రపోని నాయకుడు!" అని మెట్రో స్తంభం ఎత్తున ఫ్లెక్సీ లేచింది. నాయకుడి ఫొటో నిలువెత్తుది. సర్వర్ ఫొటో దొరక్క ఫ్లెక్సీ షాపువాళ్లు ఫ్రిజ్ బొమ్మ వేశారు.

ఆ నాయకుడు ఉప్పల్–నాచారం పౌర సేవల బోర్డు చైర్మన్ కనకరాజు. నల్లా కనెక్షన్‌కైనా, పుట్టిన సర్టిఫికెట్‌కైనా జనం ఆఫీసుకు రానక్కర్లేకుండా వెబ్‌సైట్ పెట్టించిన మహానుభావుడు. జనం ఆఫీసుకు రావడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. ఆ వెబ్‌సైట్‌ను నడిపే సర్వర్ నాచారం పారిశ్రామికవాడలోని బోర్డు ఆఫీసులో, ఆయన గది పక్కనే, ఆయనకన్నా మంచి ఏసీలో ఉంటుంది. పెట్టిన రోజు నుంచి అది ఒక్కసారీ ఆగలేదు. ఎక్కిన రోజు నుంచి కనకరాజూ కుర్చీ దిగలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆయన గట్టి నమ్మకం.

కుర్చీ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంతకుముందు చైర్మన్ పట్టాభిరామయ్య గారు కంటి ఆపరేషన్‌కని దవాఖానాకు వెళ్తే, అప్పటి వైస్ చైర్మన్ కనకరాజు "నువ్వొచ్చే దాంక ఇన్‌ఛార్జినే అన్నా" అని అందులో కూర్చున్నాడు. ఆ రోజే మంత్రి గారు వచ్చారు. మంత్రి గారికి మొహాలు గుర్తుండవు. కుర్చీలో ఎవరుంటే వాళ్లకు శాలువా కప్పేస్తారు. ఆ ఫొటో పేపర్లో పడింది. ఫొటోకు తగ్గట్టు వెనకాలే ఉత్తర్వూ వచ్చింది. కంటికట్టు విప్పుకుని తిరిగొచ్చిన పట్టాభిరామయ్య గారిని కనకరాజు అవమానించలేదు. గౌరవ సలహాదారు అని పేరు పెట్టి, తలుపు పక్కన ఒక బల్ల వేయించాడు. ఆయన రోజూ వచ్చి, ఆ బల్ల మీద కూర్చుని చాయ్ తాగి వెళ్తారు. ఇంతవరకూ ఎవరూ సలహా అడగలేదు.

అందుకే కనకరాజు టిఫిన్ కుర్చీలోనే చేస్తాడు. గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. ఇప్పటి వైస్ చైర్మన్ పాండురంగ "జర బయట తిరిగిరా అన్నా, నేను సూస్కుంట" అన్నప్పుడల్లా కుర్చీ చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు.

ఇలా ఉండగా, సర్వర్‌ను చూసుకునే బిందుమాధవి ఒకరోజు ఆయన ముందు నిలబడింది.

"సార్, కెర్నెల్‌కి అప్‌డేట్ వచ్చిందండి. ఇప్పుడున్నదాంట్లో కన్నం ఉంది. బయటివాళ్లు దూరిపోవచ్చు."

"కెర్నెల్ అంటే ఏందమ్మా?"

"సర్వర్ లోపల అన్నిటిచేతా పని చేయించేదండి."

"అంటే చైర్మన్ అసొంటిది."

"అది పనిచేస్తుందండి" అంది.

"మరి కొత్తది పెట్టెయ్."

"పెట్టేశానండి. కానీ సర్వర్‌ని ఓసారి ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా పాతదే నడుస్తుంది. రెండు నిమిషాలు చాలు."

"రెండు నిమిషాలా! రెండు నిమిషాలు లేస్తే ఏమైతదో నీకు ఎర్కేనా?"

తలుపు పక్క బల్ల మీద పట్టాభిరామయ్య గారు దగ్గారు.

అయినా కనకరాజు అభివృద్ధికి అడ్డుపడే మనిషి కాదు. ఆపడం కుదరదు గానీ, ప్రారంభోత్సవానికి ఏం అడ్డు? సర్వర్‌కు రిబ్బన్ కట్టారు. ఎమ్మెల్యే గారు కొబ్బరికాయ కొట్టారు. "నూతన కెర్నెల్‌తో నవశకం" అని పేపర్లు రాశాయి. నూతన కెర్నెల్ డిస్కులో ఒక మూల ఊరికే కూర్చుంది. పాతది కన్నంతో సహా నడుస్తూ పోయింది.

ఆ తరవాత ఇంకో అప్‌డేట్ వచ్చింది. దాన్ని మంత్రి గారి బామ్మర్ది ప్రారంభించాడు. మరోదానికి కాప్రా మహిళా సంఘం హారతి పట్టింది. ఇంకోదానికి ఘట్‌కేసర్ నుంచి డప్పులొచ్చాయి. ఆఖరికి బిందుమాధవి మళ్లీ వచ్చింది.

"సార్, కెర్నెళ్లు పెట్టే చోటు నిండిపోయిందండి. ఇక కొత్తది పట్టదు. వాడనివి తీసేస్తాను."

"ఏది తీస్తవ్? ఎమ్మెల్యే సాబ్ కొబ్బరికాయ కొట్టిందా? మంత్రి బామ్మర్ది రిబ్బన్ కోసిందా? మహిళా సంఘం హారతిచ్చింది తీస్తే నన్ను ఇంటికి పోనిస్తరా?"

"వాటిల్లో ఒక్కటీ పనిచెయ్యట్లేదు కదండీ."

"మన డైరెక్టర్లు చేస్తున్నరా? వాళ్లను తీసేసిన్నా?"

బిందుమాధవి తిరిగి సర్వర్ గదిలోకి వెళ్లిపోయింది.

ఆ వారమే పాత నాచారం నుంచి కిష్టమ్మ అనే పెద్దావిడ ఫోన్ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "నల్లాకు దరఖాస్తు పెడ్దామని ఒత్తిన బిడ్డా. పేకముక్కలొచ్చినయి. మంచిగనే పడ్డయి గని, నల్లా ఇయ్యాల్నంటే షో కొట్టాల్నా?"

కన్నంలోంచి ఎవరో దూరి, వెబ్‌సైట్ వెనక పేకాట క్లబ్ పెట్టుకున్నారు. కనకరాజు కంగారు పడలేదు. వెబ్‌సైట్‌కు వచ్చే జనం ఎన్నో రెట్లు పెరిగారని పత్రికా ప్రకటన ఇచ్చాడు. కిష్టమ్మను మాత్రం ఇంకో ఆట ఆడి చూడమన్నాడు.

కానీ మరునాడు మంత్రి గారి మనవరాలి పుట్టిన సర్టిఫికెట్‌కు బదులు జోకర్ వచ్చింది. మంత్రి గారు స్వయంగా ఫోన్ చేశారు. "కనకరాజూ, రేపు నేనొస్తున్న. నా ముంగట దాన్ని ఆపి మొదలుపెట్టు. లేకుంటే నిన్ను ఆపి ఇంకొకన్ని మొదలుపెడ్త."

ఆ రాత్రి కనకరాజుకు నిద్ర పట్టలేదు. ఫ్లెక్సీలో ఉన్న మాట అలా నిజమైంది. తెల్లారేసరికి ఉపాయం తట్టింది. సర్వర్ గదిలోకి తను వెళ్తే కదా భయం! బిందుమాధవి లాప్‌టాప్‌ను తన టేబుల్ మీదకే తెప్పించుకున్నాడు. ఎంటర్ నొక్కితే చాలట. కూర్చునే నొక్కొచ్చు.

మంత్రి గారు వచ్చారు. కెమెరాలు వచ్చాయి. చేతిలో శాలువాతో మంత్రి గారు ఎదురుగా కూర్చున్నారు. కనకరాజు కుర్చీలో నిండుగా సర్దుకుని వేలు ముందుకు చాపాడు.

"ఒక్క నిమిషం అన్నా!" పాండురంగ కుర్చీ పక్కకొచ్చి అన్నాడు. "ఇన్నేండ్లు కన్ను మూయకుంట జనానికి సేవ జేసింది. అది కన్ను మూసే రెండు నిమిషాలు మనం లేసి మౌనం పాటించొద్దా?"

గదిలో అందరి గుండెలూ కరిగాయి. మంత్రి గారు లేచారు. మంత్రి గారు లేచాక కూర్చునే చైర్మన్ మన రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు. కనకరాజు లేచి, ఎంటర్ నొక్కి, తల వంచి కళ్లు మూసుకున్నాడు. చేతులు కట్టుకున్నా, కుర్చీ అంచు కాలి పిక్కకు ఆనుకునే ఉండేలా వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆ తగిలిన చోటే మనసంతా పెట్టాడు.

మౌనం గంభీరంగా సాగింది. పక్క గదిలో ఫ్యాన్ల హోరు ఆగింది. ఎవరో ముక్కు చీదారు. కాసేపటికి ఫ్యాన్లు మళ్లీ అందుకున్నాయి. అంతలో కాలి పిక్క దగ్గర చల్లగాలి తగిలింది.

కనకరాజు కళ్లు తెరిచాడు. పాండురంగ కుర్చీలో ఉన్నాడు. మంత్రి గారు అప్పటికే శాలువా కప్పేశారు. కెమెరాలు మెరిశాయి.

"ఏందిరా ఇది?" అన్నాడు కనకరాజు.

"నువ్వు కండ్లు తెరిసే దాంక ఇన్‌ఛార్జినే అన్నా."

"తెరిసిన కదరా!"

"శాలువా పడ్డది కదన్నా" అన్నాడు పాండురంగ, దాని అంచు సవరించుకుంటూ.

మంత్రి గారు నవ్వుతూ కుర్చీలోని చైర్మన్ గారి చెయ్యి పట్టుకుని ఊపి కారెక్కారు.

బిందుమాధవి లాప్‌టాప్ దగ్గరికొచ్చి చూసింది. మొహం విప్పారింది. అలవాటు ప్రకారం కుర్చీ వైపు తిరిగి చెప్పింది.

"కొత్త కెర్నెల్ నడుస్తోందండి. కన్నం పూడింది. ఇంతకాలం నడిచిన పాతదాన్ని తీసెయ్యమంటారా?"

పాండురంగ నోరు తెరిచేలోపే గోడ పక్క నుంచి కనకరాజు చేతులు జోడించాడు. "వద్దు తల్లీ! ఉండనీ. ఎప్పుడన్న అక్కెరకొస్తది."

పట్టాభిరామయ్య గారు చాయ్ గ్లాసు కింద పెట్టి, బల్ల మీద కొంచెం పక్కకు జరిగారు.