ఉప్పు మానిన ఎనిమిది రోజులు

"మత్తు లేని దేశమే మహోన్నత దేశం" అని రాజధాని లిమా నుంచి దిగిన ఆరోగ్య సంఘం అధ్యక్షులు ఓలివారెస్ గారు సెలవిచ్చి, ముక్కు ఎగబీల్చి, మళ్లీ స్నానాల గదికి వెళ్లారు. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. అడవి గాలి పడలేదట.

అబ్నేర్ గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొకైన్ ముద్దను సిగరెట్లలో కూరి తాగి తాగి ఆటో, ఆలి, పరువు మూడూ పోగొట్టుకున్నవాడు. అడవిలోని ఈ మత్తు మాన్పించే కేంద్రంలో అయవాస్కా తీగ కషాయం పట్టించాక ఎనిమిది నెలలుగా దాని జోలికి పోలేదు. నయమైందని సంఘం కాగితం ఇస్తే, కోర్టు అతని కూతురు లుస్మిలాని తిరిగి అప్పగిస్తుంది. ఆ ఆశతోనే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాడు పాపం.

అధ్యక్షుల వారికి ఆ కషాయం స్వయంగా రుచి చూడాలనిపించింది. ఫొటో కూడా బాగా వస్తుంది కదా. పథ్యం ఒక్కటే చిక్కు: మందు ముట్టాలంటే ముందు ఎనిమిది రోజులు ఉప్పు, పంది, సారా, మత్తు అన్నీ మానాలి. అధ్యక్షులతో కలిపి సంఘం సభ్యులు నలుగురూ, కేంద్రం డైరెక్టరు డాక్టర్ పినెడో గారూ మానేశామని సంతకాలు పెట్టారు. మధ్యాహ్నం పందిమాంసం తిన్న చేతులతోనే పెట్టారు. కాగితానికి కాస్త కొవ్వు అంటింది, అంతే.

మందిచ్చే ముసలాయన సెనోబియోకి చదువు రాదు. అందుకని సాయంత్రం, వాళ్లకు తోడుగా తాగాల్సిన అబ్నేర్‌తో సహా ఆరుగురినీ వరసలో కూర్చోబెట్టి, సంతకాలు వదిలేసి మనుషుల్ని వాసన చూశాడు.

"పంది తిన్నావు బాబూ. నీకొద్దు." ముగ్గురు సభ్యులకీ, డైరెక్టరుకీ అదే మాట.

ఓలివారెస్ గారి దగ్గర చాలాసేపు ఆగాడు. "అయ్యా, తమరు ఇప్పుడే పీల్చి వచ్చారు. దాని మీద ఇది పడితే గుండె ఆగిపోద్ది. పోయి పడుకోండి."

"జలుబయ్యా" అన్నారు అధ్యక్షులు.

"ఆ జలుబు నాకూ ఉండేది లెండి" అన్నాడు అబ్నేర్, ఉండబట్టలేక.

ముసలాయన అతని మెడ దగ్గర వాసన చూసి నవ్వాడు. "ఉప్పురవ్వ కూడా తగల్లేదురా నాయనా. తాగు."

ఆరుగురిలో అబ్నేర్ ఒక్కడే తాగాడు.

మర్నాడు నివేదిక వచ్చింది. "పరీక్షింపబడిన ఆరుగురిలో ఐదుగురికి మందు అవసరము లేదని వైద్యుడే స్వయముగా నిర్ధారించెను. అబ్నేర్ అను వ్యక్తికి మాత్రము ఇంకను మందు ఇవ్వవలసి వచ్చినది. కావున వ్యాధి నయము కాలేదు. బిడ్డను అప్పగించరాదు."

అబ్నేర్ రెండుసార్లు చదువుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బెంగపడకురా, వచ్చే ఏడు మళ్లీ వస్తారుగా" అన్నాడు పినెడో.

"అయితే ఆ రోజు నాక్కూడా పందిమాంసం పెట్టించండి, డాక్టరు గారూ."