వదినగారి గదికి కంకర పరుపు

తూకాలరావుకి ఆ పేరు పెట్టింది తల్లిదండ్రులు కాదు, వీధి. సందు మొగలో త్రాసులు, కాటాలు బాగుచేసే దుకాణం అతనిది. ఏ వస్తువు కనబడినా చేతిలోకి తీసుకుని, కళ్ళు సగం మూసి, బరువెంతో చెప్పేస్తాడు. నోట్లోంచి వచ్చే మాటను మాత్రం ఎన్నడూ తూచి ఎరగడు. అతని కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి, ఇది కూడా అక్కడే మొదలైంది.

ఆ సాయంత్రం అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే భార్య కబురు చెప్పింది.

"అక్క రిటైరవుతోంది. ఆసుపత్రి క్వార్టర్ ఖాళీ చెయ్యాలట."

"అయ్యో పాపం," అన్నాడు తూకాలరావు, ఒక చెప్పు విప్పి.

"పెరట్లో ఒక గది వేద్దామండీ. ఇక మనతోనే ఉంటుంది."

రెండో చెప్పు కాలికే ఉండిపోయింది. అతను దాంతోనే హాల్లోకి నడిచి కుర్చీలో కూలబడ్డాడు.

వదినగారంటే మామూలు వదినగారు కాదు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. పెళ్ళి చేసుకోకుండా, తల్లిలేని చెల్లెల్ని పెంచి పెద్దచేసి తూకాలరావు చేతిలో పెట్టింది ఆవిడే. అలాంటి మనిషికి గది వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. తూకాలరావుకీ రాలేదు.

అయితే గతంలో ఆవిడ కొన్నాళ్ళు ఉండిపోయిన ముచ్చట అతను మరిచిపోలేదు. ఉప్పుడబ్బా ఎక్కడికో మాయమైంది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎవరో మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టారు. భార్యతో వాదన మంచి పట్టులో ఉండగా, నోరు తెరిచిన అదను చూసి ఆవిడ అందులో థర్మామీటరు పెట్టేశారు. ఆ వాదన ఇప్పటికీ అలాగే సగంలో ఉంది. అప్పట్నుంచి మనసులో అతను ఆవిడని థర్మామీటరు అనే పిలుచుకుంటాడు. ఒకసారి పైకి అనేసి, ఇంట్లో కొన్నాళ్ళు మాటల్లేని భోజనం చేశాడు.

"మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి," అంది భార్య.

"ఇష్టం లేకపోవడమేమిటి? వదిన నాకు తల్లిలాంటిది. కాని..."

"కాని?"

"మన పెరటి మట్టి మెత్తన."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు.

"మా అక్క ఏమన్నా ఏనుగా?"

"నేనలా అన్నానా? గోడలు, కప్పు, మంచం, బీరువా, వదిన... అన్నీ కలిపి బరువు చూడాలి కదా."

"మా అక్కని బీరువా తర్వాత పెట్టారు, చూసుకున్నారా?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేస్త్రి వచ్చి పెరట్లో గునపం దించాడు. గునపం అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. "మట్టి మెత్తనే సార్," అన్నాడు. తన అబద్ధం నిజమైనందుకు తూకాలరావు ఛాతీ విరుచుకున్నాడు.

"భయమేం లేదు. ఈ మట్టి తీసేసి కంకర పోస్తాం. నీళ్ళు చల్లి దిమ్మిసతో గట్టిగా కొడతాం. దానిమీద పునాది. బరువంతా ఒక్కచోటే దిగబడకుండా కంకర నాలుగువైపులా పంచేస్తుంది. అడుగున నీళ్ళూ నిలవవు. ఎన్నాళ్ళో పట్టదు."

భార్య ముఖం వెలిగింది. తూకాలరావుకి మాత్రం కంకర అన్న మాటలోనే దారి కనిపించింది. గది వద్దంటే పాపిష్టివాడు. పునాది ఇంకాస్త గట్టిగా ఉండాలంటే బాధ్యత తెలిసినవాడు. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటూ పోతే తప్పుపట్టేవాడెవడు? ఈలోగా వదినగారు వేరే ఏర్పాటు చూసుకోకపోరు.

మోకాలి లోతు తవ్వగానే "ఇంకా" అన్నాడు. నడుం లోతు వచ్చింది. "ఇంకా" అన్నాడు.

"మనం కడుతున్నది గదేనా సార్, బావి తవ్వుతున్నామా?" అన్నాడు మేస్త్రి నుదురు తుడుచుకుంటూ.

కంకర లారీ వచ్చింది. తూకాలరావు ఒక రాయి తీసుకుని, కళ్ళు సగం మూసి, పెదవి విరిచాడు. "అన్నీ ఒకే సైజు. మధ్యలో సందులుండిపోతాయి. చిన్నవీ, పొడీ కలిసుంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి." ఆ ముక్క పొద్దున మేస్త్రి నోటినుంచి విన్నదే. తన మాటని తనే కాదనలేక మేస్త్రి పళ్ళు నూరుకున్నాడు. లారీ వెనక్కి వెళ్ళింది. తర్వాతి లారీలో పొడి ఎక్కువైంది, అదీ వెళ్ళింది. ఆ తర్వాతది ఇంటిముందు గుట్టగా పడి, వీధి జనానికి కొంగల్లా నడవడం నేర్పింది.

"ఏం కడుతున్నారమ్మా, కోటా?" అని పొరుగావిడ అడిగింది.

"మా అక్కకి గది."

"మీ అక్క..." అంటూ ఆవిడ చేతులు రెండూ చాచి ఆగింది.

"మామూలు మనిషేనండీ," అంది భార్య. ఆ సమాధానం వీధిలో ఇంటింటికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక దిమ్మిస మోత. ఒక పొర పోసి, తడిపి, కొట్టగానే తూకాలరావు దుకాణంలోని బరువులన్నీ మోసుకొచ్చి కంకరమీద దొంతరగా పేర్చేవాడు. పక్కన దారం కట్టి, నేల కుంగిందా లేదా అని బోర్లా పడుకుని చూసేవాడు. మరమ్మతుకి ఇచ్చిన తూకపురాళ్ళకోసం కూరగాయలాయన దుకాణానికి వెళ్ళి, అక్కడినుంచి ఇంటికి వచ్చి, పెరట్లోకి తొంగిచూశాడు.

"నా బరువులు మీ గోతిలో ఎందుకున్నాయండీ?"

"పరీక్షలో ఉన్నాయి."

"నేను దేంతో తూచాలి?"

"కొన్నాళ్ళు చేత్తో తూచు. నేనలాగే చేస్తాను," అన్నాడు తూకాలరావు, దారంమీంచి చూపు తిప్పకుండా. కూరగాయలాయన మళ్ళీ ఆ ఇంటికి తాజా కూర ఇవ్వలేదు.

"లెక్క తేలిందా?" అంది భార్య గట్టుమీద నిలబడి.

"వెంట్రుకవాసి దిగింది. మళ్ళీ కొట్టాలి."

"దిగింది నేలా, మీ ముక్కుమీది కళ్ళజోడా?"

అతను కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. నేల దిగలేదు. అయినా మళ్ళీ కొట్టించాడు.

ఒకనాడు కుండపోతగా వాన పడింది. గొయ్యి నిండితే ఇంకొన్నాళ్ళు కలిసివస్తాయని తూకాలరావు వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వాన వెలిసేసరికి నీళ్ళు కంకర సందుల్లోంచి జారిపోయి, రాళ్ళు కడిగినట్టు మెరుస్తున్నాయి. "అందుకే కంకర సార్," అన్నాడు మేస్త్రి. తూకాలరావు కాళ్ళు ముడుచుకున్నాడు.

ఈలోగా వదినగారు క్వార్టర్ ఖాళీ చేశారు. ఒక ఆడపిల్లల హాస్టల్లో, వేరేవాళ్ళ గదిలో మంచం వేయించుకుని, ట్రంకుపెట్టె వాళ్ళ మంచం కింద పెట్టుకుని ఉంటున్నారు. అక్కడినుంచే ఫోన్ చేశారు.

"గది ఎంతవరకు వచ్చింది మరిదిగారూ?"

"కంకర దగ్గరే ఉన్నాం వదినగారూ. తొందరపడితే రేపు గోడలు బీటలిస్తాయి. మీరుండే గది కదా."



"నా ఉద్యోగమంతా ఎవరో ఉండి వెళ్ళిన గదుల్లోనే గడిచిపోయింది. నేను కాలు పెట్టకముందే, నేల నన్ను మోస్తుందా అని చూసినవాళ్ళు ఎవరూ లేరు. నెమ్మదిగానే కానివ్వండి," అన్నారు ఆవిడ.

ఫోన్ పెట్టేశాక తూకాలరావు ఆ రోజు కంకరమీద బరువులు పేర్చలేదు. 

ఒక సెలవురోజు ఆవిడే చూడడానికి వచ్చారు. కాన్వాసు బూట్లతో కంకరమీదకి దిగి, ఈ మూలనుంచి ఆ మూలకి నడిచారు. "బాగా గట్టిగా ఉంది," అన్నారు. తర్వాత, "కిటికీ ఎటువైపు?" అని అడిగారు.

కిటికీ సంగతి తూకాలరావు ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ గదికి కిటికీదాకా వచ్చే ఉద్దేశమే అతనికి లేదు. తడబడి తూర్పుకి చెయ్యి చూపించాడు. ఆవిడ అక్కడికి వెళ్ళి, గోడ ఉన్నట్టే నిలబడి, అవతల ఏదో కనిపిస్తున్నట్టే కాసేపు చూశారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఎంత బరువు తగ్గారో కళ్ళు మూయకుండానే తెలిసింది తూకాలరావుకి. సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పుడే చెప్పేయాలనుకున్నాడు గాని, కిటికీ ఎంత వెడల్పుండాలని అడిగి ఊరుకున్నాడు.

మర్నాడు మేస్త్రి ఇంటికి పరుగెత్తాడు. "గోడలు లేపు. ఈరోజే మొదలుపెట్టు."

"మీ కంకర లెక్క తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోమంటారా సార్? ఇంకోపని ఒప్పుకున్నాను. అదయ్యాకే వస్తా."

వేరే మేస్త్రులు వచ్చి చూసి, ముక్కుమీద వేలేసుకున్నారు. "దీనిమీద మేడ మీద మేడ వేసినా కదలదండీ. కాని ఒకరు మొదలుపెట్టిన పని మేం ముట్టుకోం," అని వెళ్ళిపోయారు. ఆగలేక తూకాలరావే ఇటుకలు పేర్చాడు. భార్య బట్టలు ఆరేస్తుంటే తడి దుప్పటి అంచు తగిలి ఆ గోడ పడిపోయింది. కంకరకి మాత్రం ఏమీ కాలేదు. వద్దన్నప్పుడు జరిగిన పని కావాలన్నప్పుడు జరగదని అతనికి బాగా తెలిసొచ్చింది.

ఎట్టకేలకు మేస్త్రి వచ్చాడు. గోడలు లేచాయి. తూకాలరావు దుకాణం కట్టేసి, దగ్గరుండి తూర్పు కిటికీ పెట్టించాడు. ఆ ఉత్సాహంలోనే ఇంట్లోకి వచ్చి, "వదినకి ఫోన్ చెయ్యి. కప్పు వెయ్యగానే తీసుకొచ్చేద్దాం," అన్నాడు.

భార్య బట్టలు మడతపెడుతోంది. "అక్క ఇక రాదట."

"అదేమిటి?"

"హాస్టల్‌వాళ్ళు వార్డెనుగా ఉండమన్నారు. సరేనంది. అక్కడే గది ఇచ్చారు."

"గోడలు లేచాయని చెప్పలేదా?"

"చెప్పాను. ఇప్పుడు లేచాయని."

"గట్టిగా ఉండాలనే కదా నేను..."

"ఏమండీ," అంది ఆమె, చేతిలో చొక్కా పక్కన పెట్టి. "అక్కకి మొదటే తెలుసు. బడికి వెళ్ళడం ఇష్టంలేక కడుపునొప్పి అనే పిల్లల్ని ఎంతమందిని చూసుంటుంది తను?"

తూకాలరావు మంచంమీద కూర్చుండిపోయాడు. "మరి ఫోన్లో అంత మంచిగా..."

"మీరు చిన్నబుచ్చుకోకూడదని. ఆయనతో గొడవపడకే, రాళ్ళు పోయించి పోయించి ఆయనకే విసుగొస్తుంది, అప్పుడు ఆయనే పిలుస్తారు, చూద్దాం అంది నాతో. చూసింది."

"నువ్వయినా నన్ను నిలదీయలేదే."

"నిలదీస్తే నాకోసం పిలిచేవారు. మీ అంతట మీరు పిలుస్తారేమోనని నేనూ చూశాను."

ఇన్నాళ్ళూ గోతిలో బోర్లా పడుకుని తను నేలని పరీక్షిస్తున్నాననుకున్నాడు. గట్టుమీద నిలబడి వీళ్ళిద్దరూ పరీక్షిస్తున్నది తననే. 

మరుసటిరోజే హాస్టల్‌కి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు గాని, తాళాలగుత్తి పట్టుకుని ఆవిడ వసారాలోకి రాగానే అన్నీ ఎగిరిపోయాయి.

"వదినగారూ, గదికి కప్పు వేస్తున్నాం."

"మంచి మాట."

"తూర్పువైపు కిటికీ పెట్టించాను."

"చెల్లి చెప్పింది."

"మీరు రావాలి. నేను... ఆ కంకర..."

"కంకర మంచి పనే మరిదిగారూ. నేనూ నిలబడి చూశాను కదా," అన్నారు ఆవిడ, అతన్ని అంతకంటే ముందుకు వెళ్ళనివ్వకుండా. "ఇక్కడి పిల్లలకి మాటిచ్చేశాను. సెలవులకి వస్తాను."

"అది మీ ఇల్లు వదినా. సెలవులకి రావడమేమిటి?"

ఆవిడ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే బాగుండునని తూకాలరావుకి అనిపించింది.

"చుట్టంలా వస్తాను," అన్నారు. "చుట్టానికి అంత పునాది అక్కర్లేదు."

లోపల ఎవరో పిల్ల పిలిస్తే ఆవిడ తాళాలగుత్తితో వెళ్ళిపోయారు. తూకాలరావు వసారాలోని బెంచీమీద కూర్చుని, మళ్ళీ వస్తారేమోనని చాలాసేపు చూశాడు.